నష్టానికి మూలం

బేగంబజార్‌లో మాది పల్లీల గోదాము.
ఎనిమిది మెట్లు దిగాలి.
పక్క గోదాము మిర్చిది కాబట్టి
దిగేలోపే మూడు తుమ్ములు.

పోయిన వానాకాలం పదకొండు బస్తాలకు బొక్కలు పడ్డాయి.
బీమా కంపెనీకి ఇంగ్లీషులో రాయి, అన్నాడు లోయా సేఠ్,
తెలుగులో రాస్తే ఫైల్లోనే చస్తుంది.

పందికొక్కుని బాండికూట్ అంటారని
మా తమ్ముడి కూతురు చెప్పింది, టీవీ మీంచి కన్ను తిప్పకుండా.
స్పెల్లింగ్ కావాలి కదా.
ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
అట్ట లేని నిఘంటువు కొన్నాను, తూకం లెక్కన.
రెండు కిలోల చిల్లర తూగింది.
చివరి పేజీలో ఎవరిదో పాల లెక్క,
పద్దెనిమిదో తారీఖున పాలు విరిగినట్టు గుర్తు.

బాండికూట్ దొరికింది.
పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో:
తెలుగు మాట నుంచి.

లేచి నిలబడ్డాను.
పందీ మనదే, కొక్కూ మనదే.
ఎప్పుడో ఓడెక్కి పోయి, టోపీ పెట్టుకుని తిరిగొచ్చి
నా బల్ల మీదే కూర్చుని
నన్నే స్పెల్లింగ్ అడుగుతోంది.
అది చాలక, ఆస్ట్రేలియాలో
కడుపుకి సంచి ఉన్న ఇంకేదో జంతువు
ఏ చుట్టరికమూ లేకుండానే
ఇదే పేరు పెట్టుకుని బతుకుతోందట.

బుగ్గప్పతో చెప్పాను. బస్తా దించకుండానే విన్నాడు.
"పల్లీలు మనయి తింటది, పేరు గూడ మనదేనా?
మరి బీమా వాళ్లదెందుకైతది సార్?"

గోదాము సంగతి చూద్దామని ఇంకో పేజీకి పోయాను.
అక్కడ తగువు నడుస్తోంది.
పోర్చుగీసు వాళ్లు తెచ్చారని ఒకరు,
వాళ్లకిచ్చింది మలయా వాళ్లని ఒకరు,
ఆ మలయా మాటకి మన గిడ్డంగే
ఆధారం కావచ్చునని మరొకరు.
కావచ్చును.
ఆ ఒక్క మాట మీద చీకటి పడేదాకా కూర్చున్నాను.

"కిరాయి కట్టేటోడిదే గోదాము," అన్నాడు సేఠ్.
బుగ్గప్ప మెట్లకేసి గడ్డం చూపించాడు.
"ఇంగ్లీషోడు గా పై మెట్టు మీద నిలవడి
గో, డౌన్ అన్నడు. మా తాత దిగిండు.
గంతే సార్, ఇండ్ల పంచాది ఏమున్నది?"

అది తప్పని చెప్పాలి.
నిఘంటువు నా చేతిలో ఉంది.
అతని వీపు మీద యాభై కిలోలున్నాయి.
చెప్పలేదు.

అతను పైకి వెళ్లాక హమాల్ ఉందేమో చూశాను.
ఉంది. అరబ్బీ. మోయడమట.
ఎడారి దాటి, సముద్రం దాటి, ఇన్ని భాషలు దాటి
ఆ మాట ఇంకా
భుజమే మార్చుకుంటోంది, బరువు దించలేదు.

సర్వేయర్ ఫసీహుద్దీన్ వచ్చాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య బొక్కలు లెక్కపెట్టాడు.
నష్టం చేసింది ఏది?
బాండికూట్, రాశాను, ఒక్క అక్షరం తప్పకుండా.
ఎక్కడ? గోడౌన్.
నష్టానికి మూలం?
పెన్ను ఆగిపోయింది.
"తెలియదని రాయండి," అన్నాడు, "అందరూ అదే రాస్తారు."

మర్నాడు బుగ్గప్ప ఒక కుక్కను తెచ్చాడు కాపలాకి,
జుమ్మేరాత్ బజార్ దాకా పోయి, బన్ను ఆశ పెట్టి.
అలవాటు పోక డాగ్ కూడా తిరగేశాను.
కొక్కుకే ఊరూ వాడా ఉంటే దీనికుండదా అని.
అంత లావు పుస్తకం, ఒప్పేసుకుంది:
మూలం తెలియదు.
వెయ్యేళ్లుగా వాళ్ల వాకిట్లో పడి ఉంది,
పిలిస్తే వచ్చింది,
ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరూ రాసిపెట్టుకోలేదు.

మాది బస్తాలన్నీ వాసన చూసి, ఒకసారి తుమ్మి,
ఎనిమిదో మెట్టు మీద ముడుచుకుంది.

క్లెయిమ్ ఇంకా రాలేదు.
కొక్కులు మాత్రం వేళకి వస్తున్నాయి.